స్టార్టర్ డబ్బాలో చిన్న కంప్యూటర్

మా ఉదయగిరి మెట్ట ప్రాంతంలో ఏ మోటారు వైండింగ్ షాపు ముందైనా ఏప్రిల్, మే నెలల్లో ఒక నిమిషం ఆగి చూడండి. బోర్లలోంచి లాగిన సబ్‌మెర్సిబుల్ మోటార్లు బారుగా పడి ఉంటాయి. కాలిన వార్నిష్ వాసన రోడ్డు దాకా కొడుతుంది. దుత్తలూరు, వరికుంటపాడు, సీతారాంపురం, మర్రిపాడు, ఎటు పోయినా ఇదే తీరు. సోమశిల జలాశయం ఆత్మకూరుకు దగ్గరే గాని, ఉదయగిరి మెట్టలో నిమ్మతోటకైనా బత్తాయికైనా ఇప్పటికీ బోరే ఆధారం. వెలిగొండ నీళ్ళ మాట పెద్దల నోట వింటూనే ఒక తరం గడిచింది. ఆ బోరులో మోటారు కాలడానికి ముఖ్యంగా రెండు కారణాలు: మూడు ఫేజుల్లో ఒకటి పోవడం, నీళ్ళు అయిపోయాక కూడా మోటారు తిరుగుతూనే ఉండటం. మోటారును పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్ళీ దించడానికి రైతుకు వేల రూపాయలు వదులుతాయి. ఆ రెండో కారణాన్ని కనిపెట్టే బోర్డు నాలుగైదు వందలకు దొరుకుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలకు అది చేయడం వచ్చు. అయినా మోటార్లు కాలుతూనే ఉన్నాయి.

ఎందుకిలా జరుగుతోందన్న ప్రశ్నతోనే ఈ సమీక్ష. ఆర్డునో, ఈఎస్‌పీ32, రాస్‌ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డులతో సరదాగా సర్క్యూట్లు కట్టే అలవాటు ప్రపంచమంతటా పాకడం మొదలై ఇరవై ఏళ్ళయింది. మన ఊళ్ళలోనూ ఆ బోర్డులు ఉన్నాయి. వాటితో ఏ పని నిజంగా జరుగుతోంది, ఏది బల్ల మీదే ఆగిపోతోంది అని చూస్తే నాకు ఒకే కొలబద్ద కనిపించింది. పొలంలో ఒక వేసవి నిలిచిందా లేదా? నిలిస్తేనే ప్రాజెక్టు. సైన్స్ ఫెయిర్‌లో వెలిగిన ఎల్ఈడీని నేను లెక్కలోకి తీసుకోను.

ముందు ఈ బోర్డుల పుట్టుక కొంచెం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎన్నో ఏళ్ళు మైక్రోకంట్రోలర్ అంటే 8051. ఇంటెల్ దాన్ని 1980లో తెచ్చింది. దాని మీద పని చేయాలంటే ప్రోగ్రామర్ యంత్రం కావాలి, అసెంబ్లీ భాష రావాలి, ల్యాబ్ తాళం తీసే మనిషి ఉండాలి. ఇంట్లో కూర్చొని నేర్చుకునే చదువు కాదది. 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో మాసిమో బాంజీ, ఆయన సహచరులు డిజైన్ విద్యార్థుల కోసం ఆర్డునో చేశారు. అంతకు ముందు అక్కడే ఎర్నాండో బర్రగాన్ అనే విద్యార్థి చేసిన ‘వైరింగ్’ దానికి పునాది. యూఎస్‌బీ తీగ పెట్టి నాలుగు వరసల కోడ్ రాస్తే లైటు వెలుగుతుంది. నమూనా అందరికీ ఇచ్చేశారు కాబట్టి ఎవరైనా తయారు చేసి అమ్మొచ్చు. ఇవాళ మనకు చవగ్గా దొరికే యూనో బోర్డుల్లో చాలావరకు అలా వచ్చినవే. 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి రాస్‌ప్‌బెర్రీ పై వచ్చింది, ధర 35 డాలర్లు. చైనాలోని షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ 2014లో ఈఎస్‌పీ8266ను, 2016లో ఈఎస్‌పీ32ను తెచ్చాక వైఫై కూడా చిల్లర ఖర్చయింది. నా దృష్టిలో మన పల్లెలకు ఎక్కువ మేలు చేసింది ఈ చివరిదే.

చాలామంది పిల్లలు ఈ బోర్డులన్నిటినీ ఒకే గాట కట్టి తప్పు కొనుక్కుంటారు. రాస్‌ప్‌బెర్రీ పై పూర్తి కంప్యూటర్. అందులో లైనక్స్ నడుస్తుంది, మానిటర్ పెట్టుకోవచ్చు, ఎస్‌డీ కార్డు మీద బతుకుతుంది. ఆర్డునో, ఈఎస్‌పీ32 వంటివి మైక్రోకంట్రోలర్లు. ఒక్క పని చెబితే ఆ ఒక్కటే చేస్తాయి, కరెంటు పోయి వస్తే ఒక్క క్షణంలో లేచి మళ్ళీ అదే పని మొదలుపెడతాయి. యూనోలో ప్రోగ్రాముకు ఉన్న జాగా 32 కిలోబైట్లు, పని చేసుకోవడానికి జ్ఞాపకం 2 కిలోబైట్లు. వినడానికి అధ్వానంగా ఉన్నా స్టార్టర్‌కు అది చాలు. రోజుకు పదిసార్లు కరెంటు పోయే చోట రాస్‌ప్‌బెర్రీ పై పెడితే ఎప్పుడో ఒకసారి ఎస్‌డీ కార్డు చెడిపోతుంది, ఆ రోజు పొలంలో ఎవరూ దాన్ని బాగు చేయలేరు. కెమెరా పనికో, బడిలో కంప్యూటర్ బదులుగానో అయితే పై బంగారం. 2021లో వచ్చిన పికో పేరుకు రాస్‌ప్‌బెర్రీ పై కుటుంబమే గాని, అదీ మైక్రోకంట్రోలరే. మొదట 4 డాలర్లకు అమ్మారు. పొలానికి పికో సరే, పెద్ద పై వద్దు.

ఇక అసలు సంగతి, బోరు మోటారు.

2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చిన నాటి నుంచి రైతుకు బిల్లు చింత తగ్గింది గాని వేళల చింత పోలేదు. త్రీఫేజ్ ఎప్పుడొస్తుందో, మధ్యలో ఎన్నిసార్లు పోతుందో చూసుకుంటూ చీకట్లో స్టార్టర్ దగ్గరికి నడిచి, గట్టు మీద పాముకాటుకు పోయిన వాళ్ళు మా వైపు ప్రతి ఊళ్ళో ఉన్నారు. అందుకే ఫోనుతో మోటారు వేసే పరికరాలకు అంత గిరాకీ వచ్చింది. పుణేకు చెందిన సంతోష్ ఓస్త్‌వాల్ చేసిన ‘నానో గణేశ్’, బెంగళూరు నుంచి వచ్చిన ‘కిసాన్ రాజా’ ఆ దారిలో ముందు నడిచాయి. ఇప్పుడు సందుకో కంపెనీ మొబైల్ స్టార్టర్ అమ్ముతోంది. వాటన్నిటి లోపలా ఉండేది ఒక మైక్రోకంట్రోలర్, ఒక సిమ్ మాడ్యూల్, రెండు రిలేలు. అదే వస్తువును మన పిల్లవాడు ఇంట్లో చేసినప్పుడు ఎక్కడ దెబ్బ తింటాడో దగ్గరగా చూద్దాం.

స్టార్టర్ డబ్బా మూత తీస్తే పచ్చ బటన్, ఎర్ర బటన్, మధ్యలో కాంటాక్టర్, కింద ఓవర్‌లోడ్ రిలే. పచ్చ బటన్ ఒక్క క్షణం నొక్కితే కాంటాక్టర్ కాయిల్‌కు కరెంటు అంది అది టప్పుమని పట్టుకుంటుంది, వేలు తీసినా వదలదు. ఎర్ర బటన్ ఆ పట్టు తెంపుతుంది. మన బోర్డు చేయాల్సింది వేలు చేసే పనే. పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే పెట్టి ఒక సెకను కలపాలి, ఎర్ర బటన్‌తో వరసగా ఇంకో రిలే పెట్టి ఒక సెకను తెంపాలి. మోటారు కరెంటు ఏదీ బోర్డు రిలే గుండా పోకూడదు. ఇంతవరకు యూట్యూబ్ చూసిన ప్రతి పిల్లవాడికీ తెలుసు. తెలియనిది ఇంకొకటి ఉంది. అందరూ కొనే నీలం రంగు రిలే మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని అచ్చేసి ఉంటుంది. మన త్రీఫేజ్ స్టార్టర్లలో కాయిల్ చాలాసార్లు రెండు ఫేజుల మధ్య, అంటే 415 వోల్టుల మీద ఉంటుంది. ఆ రిలే ఆ పనికి తయారైంది కాదు. నాలుగు రోజులు పని చేస్తుంది, తరవాత ఒకనాడు కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఫోనులో ఎన్నిసార్లు ‘ఆఫ్’ నొక్కినా మోటారు ఆగదు. సరిగ్గా మోటారును కాపాడటానికి పెట్టిన వస్తువే దాన్ని కాలుస్తుంది. దీనికి మందు మధ్యలో ఇంకో చిన్న కాంటాక్టర్ పెట్టడం. బోర్డు రిలే ఆ చిన్నదాన్ని కదిలిస్తుంది, అది పెద్దదాన్ని కదిలిస్తుంది. కరెంటు పనివాళ్ళకు ఈ సంగతి పుట్టుకతో తెలిసినట్టు తెలుసు. కోడ్ రాసే పిల్లలకు ఎవరూ చెప్పరు. నేను చూసిన చెడిపోయిన డబ్బాల్లో ఎక్కువ భాగం కోడ్ తప్పుకు చెడినవి కావు, ఈ ఇద్దరూ ఒకచోట కూర్చోకపోవడం వల్ల చెడినవి.

నీళ్ళు లేని సంగతి బోర్డుకు ఎలా తెలుస్తుంది? బోరులోకి ఏ సెన్సరూ దించనక్కర్లేదు. మోటారు నీళ్ళు తోసేటప్పుడు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, నీళ్ళు అయిపోతే భారం లేక ఆంపియర్లు పడిపోతాయి. ఒక ఫేజు తీగ చుట్టూ బట్టల క్లిప్పులా బిగించే కరెంటు సెన్సర్ దొరుకుతుంది, తీగ కోయాల్సిన పని లేదు. రైతు తన మోటారు నిండు నీళ్ళతో తిరిగేటప్పుడు ఎంత లాగుతుందో ఒకసారి కొలిచి రాసుకోవాలి. అంతకంటే బాగా తగ్గి పది సెకన్లు అలాగే ఉంటే ఆపేయమని బోర్డుకు చెప్పాలి. బోరు మళ్ళీ ఊరడానికి నలభై నిమిషాలో గంటో వదిలి, తిరిగి వేయమనాలి. గంట పోసి గంట ఆగే బోర్లున్న మా మెట్టకు దీనికి మించిన ప్రాజెక్టు నాకు కనబడలేదు. ఫేజు పోవడాన్ని పట్టుకోవడానికి మాత్రం కొత్త తెలివి వద్దు. బజారులో దొరికే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఆ పని ఏళ్ళ తరబడి చేస్తోంది, దాన్ని పీకి మన బోర్డు పెట్టడం అవివేకం. రెండూ ఉండాలి.

ఇంకొక జాగ్రత్త ఊరి కోసం. కరెంటు రాగానే దానంతట అదే మోటారు వేసే ఆటో స్టార్టర్లు ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు ఒక్కో మోటారు మామూలుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు పోతుంది, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు తెలంగాణలో ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా తిరిగి చెప్పింది ఇందుకే. మైక్రోకంట్రోలర్ ఉన్న డబ్బాకు ఈ చిక్కు ఒక్క వరస కోడ్‌తో తీరుతుంది. కరెంటు వచ్చాక ఒకటి నుంచి పదిహేను నిమిషాల లోపు ఏదో ఒక అంకె తీసుకొని అంతసేపు ఆగమంటే సరి. పక్క పొలం డబ్బా వేరే అంకె తీసుకుంటుంది. ఎలక్ట్రానిక్స్ నేర్చిన పిల్లవాడు తన ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పదిమందికి చేయగల ఉపకారం ఇది.

ఇలాంటిది నేను కట్టిన మొదటి డబ్బా పందొమ్మిది రోజులు పని చేసింది. పాత ఫోన్ చార్జర్‌తో బోర్డుకు కరెంటు ఇచ్చాను. ఒక రాత్రి వోల్టేజీ ఎగిరి చార్జర్ పోయింది. రెండోసారి మంచి సప్లై పెడితే, తీగలు దూర్చిన రంధ్రంలోంచి చీమలు చేరి రిలే కింద గూడు పెట్టాయి. మూడోసారి బల్లి. పక్క చేను మామ గట్టు మీద నిలబడి అడిగాడు, “ఏందబ్బయా, మోటరు తిరగతా ఉండాదని నీ డబ్బా చెప్తా ఉంది, గొట్టంలో చుక్క లేదు. డబ్బాను నమ్మేదా, బోరును నమ్మేదా?” నేను “బోరునే నమ్ము మామా, డబ్బా సంగతి నేను చూసుకుంటా” అన్నాను. ఆ తరవాతే రంధ్రాలకు గ్లాండులు బిగించి, డబ్బాను ఎండ తగలని వైపుకు తిప్పి, ఫ్యూజు వేసి, ఆ క్లిప్పు సెన్సర్ పెట్టాను. అంతవరకు బోర్డు తాను ఇచ్చిన ఆజ్ఞనే చూసి మోటారు తిరుగుతోందని అనుకునేది. నిజంగా తిరుగుతోందా లేదా కొలిచి చెప్పడం వేరు. ఈ తేడా నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు, ఆ మామ నేర్పాడు.

సిమ్ మాడ్యూళ్ళ గురించి రెండు ముక్కలు. చవగ్గా దొరికే సిమ్800ఎల్ 2జీ మీదే పని చేస్తుంది, జియోకు 2జీ లేదు. అది సిగ్నల్ పట్టుకునేటప్పుడు ఒక్క క్షణం 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆర్డునో పిన్ను నుంచి తీగ లాగి ఇస్తే బోర్డు రీసెట్ అవుతూ ఉంటుంది. ‘కోడ్ సరిగ్గానే ఉంది గాని పని చేయట్లేదు’ అని పిల్లలు వారాల తరబడి కొట్టుకునే జబ్బు ఇదే. దానికి తోడు నెలనెలా రీచార్జి. ఇంటి నుంచి పొలం రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండి, మధ్యలో గుట్ట అడ్డం లేకపోతే లోరా రేడియో మేలు. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, రీచార్జి గొడవ ఉండదు.

మోటారు తరవాత మా ప్రాంతానికి అచ్చంగా తగినది పొగాకు బ్యారన్. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాలకు పోయే వర్జీనియా ఆకు ముందు బ్యారన్‌లో పచ్చిదనం పోయి పసుపు తిరగాలి, తరవాత ఆకు, చివర ఈనె ఎండాలి. వేడి 35 డిగ్రీల సెల్సియస్ చుట్టూ మొదలై మెల్లగా 70 దాకా పోతుంది. ఆ రాత్రులు రైతు పొయ్యి దగ్గర మేలుకొని ఉంటాడు. వేడి తొందరపడితే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర చెడుతుంది. ఇక్కడ ఒక బోర్డు, ఒక సెన్సర్, ఒక బజర్ చాలు. వేడి గీత దాటితే నిద్ర లేపితే అదే పెద్ద సాయం. ఎవరైనా పిల్లలు చేయబోతే మొదట చేసే తప్పు డీహెచ్‌టీ11 అనే సెన్సర్ పెట్టడం, ప్రతి కిట్‌లో వచ్చే నీలం డబ్బీ అదే కాబట్టి. అది 50 డిగ్రీల దాకే కొలుస్తుంది. బ్యారన్ పని అసలు గట్టెక్కేది ఆ పైనే. డీఎస్18బీ20 అనే సెన్సర్ 125 డిగ్రీల దాకా కొలుస్తుంది, స్టీలు గొట్టంలో, పొడవాటి తీగతో దొరుకుతుంది. పొయ్యి దగ్గర ఉన్న థర్మామీటర్ ఫారన్‌హీట్‌లో ఉంటే తెర మీదా ఫారన్‌హీటే చూపించాలి. రైతు లెక్కను బోర్డు నేర్చుకోవాలి.

నీటి నాణ్యత ప్రాజెక్టుల గురించి కఠినంగానే చెప్పాలి. ఉదయగిరి మెట్టలో ఫ్లోరైడ్ బాధ కొత్తది కాదు. సైన్స్ ఫెయిర్లలో టీడీఎస్ సెన్సర్‌ను గ్లాసులో ముంచి ‘ఈ నీళ్ళు తాగవచ్చు’ అని పచ్చ లైటు వెలిగించే నమూనాలు చూస్తుంటే భయం వేస్తుంది. టీడీఎస్ సెన్సర్ నీళ్ళలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి మొత్తం లవణాలను అంచనా కడుతుంది. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. భారత ప్రమాణాల ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. టీడీఎస్ వందల్లో ఉండే నీళ్ళలో ఆ ఒకటి రెండు మిల్లీగ్రాముల తేడా కనబడదు. పచ్చ లైటును నమ్మి తాగిన వాడి పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. ఈ సెన్సర్‌ను నీళ్ళ ఉప్పదనం చూడటానికి పెట్టుకోండి. తాగే నీళ్ళను సీసాలో పట్టి గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) శాఖ ల్యాబుకు పంపండి.

వీటన్నిటి కంటే ముందే చిన్న బోర్డు మన మధ్యకు వచ్చిన చోటు తిరునాళ్ళ. నర్రవాడ వెంగమాంబ పేరంటాలు ఉత్సవాలకు పోయిన వాళ్ళు ఆ లైటింగు చూసే ఉంటారు. ఒకప్పుడు సీరియల్ సెట్లు పరిగెత్తాలంటే మోటారుతో తిరిగే డ్రమ్ము, దాని మీద రేకు కాంటాక్టులు ఉండేవి. ఇప్పుడు ప్రతి చుక్క లైటులోనూ ఒక చిప్ ఉంటుంది, ఎస్‌డీ కార్డు పెట్టిన చిన్న కంట్రోలర్ వేలాది చుక్కలను ఆడిస్తుంది. ఆ బొమ్మలు కంప్యూటర్‌లో గీసి, కార్డులో ఎక్కించి, గుంజ ఎక్కి కట్టే కుర్రాళ్ళకు తాము ఎలక్ట్రానిక్స్ చేస్తున్నామన్న ఊహ కూడా ఉండదు. మన ప్రాంతంలో వర్షానికీ దుమ్ముకీ తట్టుకునేలా సర్క్యూట్ కట్టడం బాగా తెలిసింది వాళ్ళకే.

బడుల మాట. అటల్ టింకరింగ్ ల్యాబులు 2016లో మొదలయ్యాయి. ఎంపికైన బడికి 20 లక్షల దాకా సాయం, ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. 2025 బడ్జెట్‌లో ఐదేళ్ళలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50,000 ల్యాబులు పెడతామన్నారు. పక్క ప్రకాశం జిల్లా సూరారెడ్డిపాలెం జిల్లా పరిషత్ హైస్కూలు ఆడపిల్లలు దేశంలోని 75 ప్రభుత్వ బడుల పిల్లలతో కలిసి ఆజాదీశాట్ ఉపగ్రహం పనిలో పాలుపంచుకున్నారు. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆ ఉపగ్రహం సరైన కక్ష్యకు చేరలేదు. దాని రెండో రూపం 2023 ఫిబ్రవరి 10న చేరింది. కేరళ లిటిల్ కైట్స్ అనే బడి క్లబ్బులతో మొదలుపెట్టి, 2025–26లో పదో తరగతి పిల్లలందరి పాఠంలో రోబోటిక్స్ పెట్టింది. మన దగ్గర ల్యాబ్ ఉన్న బడుల్లోనూ కిట్లు బీరువాలో ఉండటం నేను చూశాను. ఏదైనా కాలితే లెక్క ఎవరు చెప్పాలన్న భయం టీచర్లది. ఆ భయం న్యాయమైనదే. మూడు వందల బోర్డు కాలడం చదువులో ఖర్చు అని పైవాళ్ళు కాగితం మీద రాసిస్తే ఆ బీరువాలు తెరుచుకుంటాయి.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో హైదరాబాదు అమీర్‌పేటకు పోయి రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చే అలవాటు మీద చాలా రాశారు, నేను ఎక్కువ చెప్పను. ఆ డబ్బుతో చెన్నై రిచీ స్ట్రీట్‌కో హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీకో పోతే నాలుగు ప్రాజెక్టులకు సరిపడా సామాను వస్తుంది.

చివరిగా భాష. అందరూ వాడే పదహారక్షరాల రెండు వరసల తెరలో మనం సొంతంగా గీసుకోగల అక్షరాలు ఎనిమిదే, తెలుగు గుణింతాలు అందులో ఇమడవు. దానితో పోరాడే బదులు మాట వాడండి. డీఎఫ్‌ప్లేయర్ అనే చిన్న మాడ్యూల్ కార్డులో ఉన్న శబ్దాన్ని నంబరు చెబితే వినిపిస్తుంది. ‘బోరులో నీళ్ళు అయిపోయాయి, మోటారు ఆపేశాను’ అని ఇంట్లో అమ్మ గొంతుతో రికార్డు చేసి పెట్టుకోవచ్చు. చదువు రాని రైతుకు ఆ డబ్బా తనదవుతుంది.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళకు నా మాట. ఒక ఈఎస్‌పీ32, ఒక క్లిప్పు సెన్సర్, ఒక బజర్ కొనండి. ల్యాప్‌టాప్ లేకపోతే ఫోనుకు ఓటీజీ తీగ పెట్టి కోడ్ ఎక్కించవచ్చు. మొదటి సీజను మోటారును ఆపే పని బోర్డుకు ఇవ్వకండి. ఆంపియర్లు చూసి కూత పెట్టనివ్వండి చాలు. అది ఎన్నిసార్లు సరిగ్గా కూసిందో నోటు పుస్తకంలో రాయండి. ఆ లెక్క కుదిరాక, మీ ఊరి వైండింగ్ షాపు మనిషినో కరెంటు పని తెలిసిన పెద్దనో పిలుచుకొని, పైన స్తంభం దగ్గర కరెంటు తీసేసి, అప్పుడు స్టార్టర్ మూత తీయండి. ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం ఆ మూత తీయకండి.